దోన్ బల్దొమేరో గారి పడని వానలు

దోన్ బల్దొమేరోకి వాన కనిపించేది. మీకూ నాకూ కనిపించే వాన కాదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా మెరుస్తున్నప్పుడు, ఆవులు ఎండకు తాళలేక గోడ నీడకు చేరుతున్నప్పుడు, సరిగ్గా అప్పుడే ఆయన నడుస్తున్నవాడు ఆగిపోయి, చెయ్యి పైకెత్తి, ముక్కు పడమరకు తిప్పి, "ఆగండి. వాన" అనేవాడు. అందరం పరిగెత్తి ఏదో ఒక కప్పు కింద దూరేవాళ్ళం. ఆ తరవాత అక్కడ కూచుని, మండే ఎండను చూస్తూ, వాన కోసం ఎదురుచూసేవాళ్ళం.

ఇందులో ఉన్న గొప్పతనం ఏమిటంటే ఇది జరిగింది ఏడాది పొడుగునా వానలు కురిసే మా గలీసియాలో. ఇక్కడ వాన వస్తుందని చెప్పి తప్పడం సామాన్యుడి వల్ల అయ్యే పని కాదు. మా పెరటి కోడిపుంజును అడిగినా వాన అంటుంది, సాయంత్రానికి నెగ్గుతుంది. అలాంటి చోట వారం పొడుగునా వాన వాన అని, ఒక్క చుక్క కూడా రాల్చకుండా నెట్టుకొచ్చిన మనిషిని నా జన్మలో ఆయన్నొక్కణ్ణే చూశాను.

నా పేరు షుర్షో. టీవీ వాళ్ళకు శబ్దం పడతాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. చిన్నప్పుడు మా ఊరి చర్చి గంటకు పగులు వస్తే, కంటికి కనిపించక ముందే దాని గొంతు మారిందని చెప్పింది నేను. అప్పట్నుంచి వినడమే నా బతుకుతెరువైంది. చొక్కా కాలర్‌కు చిన్న మైకు తగిలించుకున్న మనిషి మొదటి రోజంతా ఆచితూచి మాట్లాడతాడు. రెండో రోజుకు మైకు సంగతే మర్చిపోతాడు. ఇక అక్కణ్ణుంచి నేను పాపాలు వినే పాదిరీతో సమానం. తేడా అల్లా పాదిరీకి ఒకరి తరవాత ఒకరు చెబుతారు, నాకు అందరూ ఒకేసారి చెబుతారు.

ఆ ఏడాది ఛానల్ వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. పేరున్న మనుషులు నలుగురిని పట్టుకొచ్చి, వీపున సంచీ, సంచీకి యాత్రికుల గుర్తుగా ఆల్చిప్ప కట్టి, సర్రియా ఊరి నుంచి సంత్యాగో గుడి దాకా యాత్రికుల బాటలో నడిపించాలి. ఆ బాటలో ఈ చివరి ముక్క మొత్తం కాలినడకన వచ్చినవాళ్ళకే గుడివాళ్ళు యాత్రాపత్రం ఇస్తారు. వెనకాలే ఒక బండి నెమ్మదిగా వస్తుంది. దాన్ని మేము చీపురు బండి అంటాం, దారిలో రాలిపోయినవాళ్ళను ఊడ్చుకొస్తుంది కనక. ఒక్కసారి అందులో కాలు పెట్టారా, పత్రమూ లేదు, కార్యక్రమంలో చోటూ లేదు. ఏ రోజు నడక ఆ రోజు రాత్రి వార్తల తరవాత కాసేపు చూపిస్తారు.

నలుగురిలో మొదటివాడు గొర్కా. ఒకప్పటి గోల్‌కీపరు, తలుపంత మనిషి. రెండోది నెరేయా. కెమెరాలు పెట్టిన ఇంట్లో నెలల తరబడి తోటివాళ్ళతో పోట్లాడి పేరు తెచ్చుకున్న పిల్ల. మూడోది దోన్యా ఆరేలియా, ఎసీహా ఊరి కోయిల అని దేశమంతా పిలుచుకున్న పాటగత్తె. నాలుగోవాడు మన దోన్ బల్దొమేరో.

ఆయన్ను చూసి నేను టోపీ తీశాను. ఎందుకు తియ్యను? ముప్పై ఏళ్ళు రాత్రి వార్తల చివర కర్ర పుచ్చుకుని పటం ముందు నిలబడి, రేపు ఎండా వానా చెప్పిన మనిషి. మా నాన్న ఆయన తలూపితే తప్ప గడ్డి కోసేవాడు కాదు. మా పాదిరీ "దేవుడు తలిస్తే రేపు ఊరేగింపు" అని ప్రకటిస్తే, జనం గుడి బయటికొచ్చి "బల్దొమేరో ఏమన్నాడు?" అని అడిగేవాళ్ళు. పుట్టింది ముర్సియాలో. అక్కడ వాన పడితే చంటిపిల్లల్ని ఎత్తుకుని వాకిట్లోకి తెచ్చి చూపిస్తారు. బహుశా అందుకే ఆయనకు వానంటే అంత గౌరవం. వేలితో తాకితే వెలిగే పటాలు వచ్చాక ఛానల్ వాళ్ళు ఆయనకొక గడియారం ఇచ్చి ఇంటికి పంపారు.

మొదటి వాన సర్రియా దాటగానే, ఓక్ చెట్ల మధ్య నిట్టనిలువు ఎక్కుడులో వచ్చింది. అంటే రాలేదు. దోన్ బల్దొమేరో చెయ్యెత్తాడు. ఆ చేతిమీద మాకున్న నమ్మకం అలాంటిది, కెమెరాలతో సహా అందరం వెళ్ళి కాళ్ళమీద నిలబడ్డ ఒక రాతి గాదె కింద దూరాం. గొర్కా తలకు దూలం తగిలింది. నెరేయా జుట్టు తడవకుండా ప్లాస్టిక్ సంచీ కట్టుకుంది. కాసేపటికి ఒక పిల్లి వచ్చి మా ముందే ఎండలో వెల్లకిలా పడుకుంది.

"గాలి మోసం చేసింది" అన్నాడు దోన్ బల్దొమేరో, పిల్లిని కోపంగా చూసి.

రెండో వాన కొండకు అవతల పడిందట. మూడోది పడిందట గానీ మరీ సన్నగా పడిందట, మేము గమనించలేదట. నాలుగోదానికి నెరేయా ఫోను తీసి, నవ్వుతున్న సూర్యుడి బొమ్మను ఆయన ముక్కు ముందు పెట్టింది.

"చూడండి తాతగారూ. ఫోను ఎండ అంటోంది."

"ఫోనుకు మోకాలుందా అమ్మాయీ?"

"లేదు."

"నాకుంది. కూచో."

ఆ మోకాలు అప్పట్నుంచి మా బృందంలో అయిదో యాత్రికుడైపోయింది. పొద్దున్నే గొర్కా వంగి "మోకాలు గారూ, రాత్రి నిద్ర పట్టిందా?" అని దాన్ని పలకరించేవాడు. పాలస్ ద రేయ్‌లో కాఫీ హోటల్ కుర్రాడు ఆయన గ్లాసులో కాగితం గొడుగు గుచ్చి ఇచ్చాడు. ఒక ఊళ్ళో జనం మండే ఎండలో గొడుగులు విప్పి వరసగా నిలబడి మాకు స్వాగతం చెప్పారు. రాత్రి టీవీలో ఆయన చెయ్యెత్తినప్పుడల్లా వెనకాల ఉరుము శబ్దం కలిపేవాళ్ళు. దేశం పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

నవ్వనిది ఒక్కతే, మా డైరెక్టరు బెగోన్యా. ఆమెకు ప్రతి ఆగుడూ ఒక దెబ్బ. వెలుతురు పోతోందని, భోజనం చల్లారుతోందని, ఊళ్ళు దాటిపోవడం లేదని ఆమె జుట్టు పీక్కునేది. మా దేశంలో పెళ్ళిరోజు వాన పడకుండా సంత క్లారా మఠం సన్యాసినులకు కోడిగుడ్లు ఇవ్వడం ఆచారం. బెగోన్యా ఒకసారి ఆయన ముందే అంది, ఈయన వస్తున్నాడని తెలిస్తే మఠానికి కోళ్ళఫారమే రాసిచ్చేదాన్నని.

"గుడ్లెందుకు దండగ?" అన్నాడు గొర్కా. "పెళ్ళివాళ్ళు ఈయన చేత వాన అని చెప్పించుకుంటే చాలు. చచ్చినా పడదు."

దోన్ బల్దొమేరో మీసం దువ్వుకుని, పడమటి గాలిని ఇంకోసారి వాసన చూశాడు.

ఇక దోన్యా ఆరేలియా సంగతి చెప్పాలి. ఆవిడ వచ్చింది భక్తితో కాదు, పంతంతో. ఆవిడకు పేరు తెచ్చిన పాటలో ఒక పల్లెపిల్ల ప్రియుడి కోసం చెప్పుల్లేకుండా సంత్యాగో దాకా నడుస్తుంది. నలభై ఏళ్ళు ఆ పాట పాడి దేశాన్ని ఏడిపించిన దోన్యా ఆరేలియా మాత్రం సంత్యాగోకు ఎప్పుడొచ్చినా కారులోనే వచ్చింది. ఈ రహస్యాన్ని ఆవిడ ప్రత్యర్థి ఫాబియోలా టీవీలో కూచుని బయటపెట్టింది. పెట్టి, "పాపం ఆరేలియా, ఆ ఊపిరితిత్తులతో రెండో రోజే బండెక్కుతుంది" అని విసనకర్ర ఊపుకుంది. అంతే. దోన్యా ఆరేలియా ఆ సాయంత్రమే నడక బూట్లు కొనిపించింది.

ఊపిరితిత్తుల మాట మాత్రం అబద్ధం కాదు. మాతో వచ్చిన డాక్టరు మొదటి రోజే చెప్పేశాడు, ఆవిడ గుంపుకు వెనకబడి ఆయాసపడుతూ కనిపిస్తే తాను మారు మాట్లాడకుండా బండెక్కించేస్తానని. అందుకని ఆవిడ వెనకబడేది కాదు. నడుస్తూ కూనిరాగం తీసేది. "పాడేవాళ్ళకు ఆయాసం ఏమిటి డాక్టరూ?" అని ఆ పెద్దమనిషిని ఎద్దేవా చేసేది. అందరికంటే ఎక్కువగా మాత్రం దోన్ బల్దొమేరోనే ఆడిపోసుకునేది. ఆయన ఎప్పుడూ ఆవిడకు రెండడుగులు ముందు నడిచేవాడు, వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఆయన వాన అన్నప్పుడల్లా ఆవిడ అందరికంటే ముందు వెళ్ళి గాదె కిందో, గుడి వసారాలోనో చతికిలబడి, విసనకర్ర తీసి, మొదలుపెట్టేది.

"ముర్సియా వాడు వాన గురించి చెప్పడమంటే, పాదిరీ కాపురం గురించి చెప్పడమే. ఏమయ్యా, ఏదీ నీ వాన?"

"దారిలో ఉంది సెన్యోరా."

"నడిచి వస్తోందా?"

గొన్సార్ ఎక్కుడు దగ్గర నా చెవిన ఒక మాట పడింది. అప్పుడే ఆయన ఒక వాన ప్రకటించాడు, అందరూ ఒక కొట్టం చూరు కింద సర్దుకున్నారు. ఆయన మాత్రం కాళ్ళు సాగదీయడానికని పక్క పొలం గట్టుకు వెళ్ళాడు. అక్కడ ట్రాక్టరు మీద ఒక రైతమ్మ ఉంది. కాలర్ మీద మైకుందన్న సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడు.

"మీరు టీవీలో వానలాయన కదూ?" అంటోంది ఆవిడ.

"ఒకప్పుడు."

"గడ్డి అంతా కోసి పడేశానయ్యా. ఇందాక మీరు వాన అన్నారని మీవాళ్ళు అరిచి చెప్పుకున్నారు. ఎత్తేసేదా?"

నా చెవుల్లో కాసేపు గాలి చప్పుడు. తరవాత ఆయన గొంతు తగ్గించాడు. అది నేను చిన్నప్పుడు మా నాన్న పక్కన కూచుని విన్న గొంతు.

"ఎత్తకమ్మా. పచ్చిగా ఎత్తితే బూజు పడుతుంది. శుక్రవారం దాకా చినుకు లేదు. శుక్రవారం మధ్యాహ్నానికి మాత్రం గడ్డి మొత్తం కొట్టంలో ఉండాలి. అప్పుడు దంచుతుంది."

"మరి వాళ్ళకు ఇప్పుడే వానన్నారేం?"

"వాళ్ళకు గడ్డి లేదు కదమ్మా."

మా గలీసియా వాళ్ళు ఏ మాటకైనా ఇంకో ప్రశ్నతో తప్ప బదులివ్వరు. "అయితే వాళ్ళకేముందో?" అందావిడ.  ఆయన వెనక్కి వచ్చి, చూరు కింద కూచుని, ఆరేలియా తిట్లు తింటూ, నిక్షేపంలాంటి ఎండను దిగులుగా చూశాడు.

నాకు నిద్ర పట్టలేదు అంటే అబద్ధం. బాగానే పట్టింది. కానీ మర్నాడు నడక మొదలవగానే ఒక పని చేశాను. గొర్కా తిండి గురించి, నెరేయా పాత ప్రియుడి గురించి మాట్లాడుతుంటే వాళ్ళ గొంతులు తగ్గించేసి, దోన్ బల్దొమేరో మైకూ, దోన్యా ఆరేలియా మైకూ మాత్రం పెంచి పెట్టుకున్నాను.

చదును దారిలో ఆవిడ కూనిరాగం నదిలా సాగుతోంది. ఆయన అడుగు దాని తాళానికే పడుతోంది. మెలీదే పొలిమేరలో నిజంగానే నల్లటి మబ్బులు కమ్మాయి. నెరేయా ఫోను కూడా అనుమానంగా మొహం పెట్టింది. "తాతగారూ, ఇప్పుడు వాన అనండి, ఈసారి గెలుస్తారు" అని బతిమాలింది పాపం. ఆయన తల కూడా ఎత్తలేదు. "ఇవా? ఉత్త మబ్బులు. నడవండి" అన్నాడు. నడిచాం. మబ్బులు పోయాయి. మెలీదేలో ఉడికించిన ఆక్టోపస్ తిని బయల్దేరాం.

ఆ తరవాత వచ్చింది ఎక్కుడు. కూనిరాగం మొదటి చరణం ఎక్కింది. రెండో చరణంలో పల్లెపిల్ల చెప్పులు విప్పే చోట రాగం తెగిపోయింది. తెగిన చోట నాకు ఒక చప్పుడు వినిపించింది, చిల్లుపడ్డ కొలిమి తిత్తి చప్పుడు. ముందు నడుస్తున్న ఆయన అడుగు తడబడింది. ఆయన ఊపిరి మాత్రం ఉయ్యాల్లో పసిబిడ్డ ఊపిరిలా ఉంది.

"ఆగండి" అన్నాడు దోన్ బల్దొమేరో, ముక్కు పడమరకు తిప్పి. "వాన."

అప్పుడు నాకు అర్థమైంది. ఆవిడ కోసం గుంపు ఆగితే ఆవిడ వెనకబడ్డట్టు లెక్క. వాన కోసం ఆగితే ఎవరూ వెనకబడలేదు. డాక్టరు పట్టుకోగలిగింది ఆయాసాన్నే గానీ, ఆకాశాన్ని కాదు. పాట ఆగిన ప్రతిచోటా ఆయనకు వాన కనిపించేది. మళ్ళీ రాగం అందుకోగానే ఆ వాన కొండ అవతలికి వెళ్ళిపోయేది.

పోనీ దీనివల్ల ఆయనకు ఏ నష్టమూ లేదా అంటే, ఉంది. అర్సువాలో జున్ను కొట్టు దగ్గర ఒక ముసలాయన కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చి, దోన్ బల్దొమేరో చెయ్యి పట్టుకున్నాడు. "నా పొలం ముప్పై ఏళ్ళు నీ మాట మీద నడిచిందయ్యా. ఇప్పుడు రోజూ టీవీలో చూస్తుంటే నాకు నవ్వు రావడం లేదు. ఏమైంది నీకు?" అన్నాడు.

దోన్ బల్దొమేరో గుటక వేసిన చప్పుడు నా చెవుల్లో రాయి పడ్డట్టు పడింది.

"వయసు అన్నా" అన్నాడు. "అంతే. వయసు."

శుక్రవారం పొద్దున పెద్రౌసోలో బెగోన్యా అందరినీ నిలబెట్టింది. మధ్యాహ్నం గుడి ముందు చౌకులో ప్రత్యక్ష ప్రసారం. దేశమంతా చూస్తుంది. ఫాబియోలాను కూడా స్టూడియోలో కూచోబెడుతున్నారట. క్షణం ఆలస్యమైనా తన ఉద్యోగం పోతుందని చెప్పి, దోన్ బల్దొమేరో వైపు తిరిగింది.

"ఈ రోజు మీ నోట వాన అనే మాట వినిపించిందా, చీపురు బండి ఎక్కేది మీరే. గుడి దాకా కూడా కాదు, నేరుగా ముర్సియాకే పంపించేస్తాను."

ఆకాశం ఆ రోజు కూడా కడిగిన పళ్ళెమే. ఇంక బరువెందుకని ఆమె వాన కోట్లన్నీ సామాను బండిలో పడేసి సంత్యాగోకు ముందే పంపించేసింది.

"సెన్యోరా, ఆ వాన కోట్లు..."

"వాన అన్నారా?"

"కోట్లు అన్నాను."

"అదీ అనకండి."

పొద్దుటి దారి బాగానే జరిగింది. నీలగిరి చెట్ల మధ్య దోన్యా ఆరేలియా పాట హాయిగా సాగింది. మోంతె దో గోసో అని ఒక కొండ ఉంది. దానిమీంచి యాత్రికులకు సంత్యాగో గుడి శిఖరాలు మొదటిసారి కనిపిస్తాయి. కనిపించగానే యాత్రికులు ఆనందంతో ఏడుస్తారు. ఆ ఆనందానికి ముందు చచ్చే ఎక్కుడు ఒకటి ఉంది.

ఎక్కుడు సగంలో పాట ఆగింది.

నా చెవుల్లో తిత్తి చప్పుడు. దాని వెనక చీపురు బండి ఇంజను గురగుర. డాక్టరు తల తిప్పి ఆవిడ వైపు చూడటం మొదలుపెట్టాడు. దోన్ బల్దొమేరో చెయ్యి సగం దాకా లేచి, గాలిలో ఆగిపోయింది. మైకులో ఆయన తనలో తాను అనుకున్న మాట నాకొక్కడికే వినిపించింది: "సరే. బండి నాకే." ఆయన నోరు తెరిచాడు.

"ఏమిటిది?" అన్నాడు గొర్కా, ఆయనకంటే ముందు. ఆ తలుపంత మనిషి దారి మధ్యలో నిలబడి ముక్కు తుడుచుకుంటున్నాడు. "నా ముక్కుమీద చుక్క పడింది."

అందరం ఆకాశం చూశాం. కళ్ళు బైర్లు కమ్మాయి. అంత ఎండ.

నెరేయా ఫోను తీసి చూసింది. నేను పక్కనే ఉన్నాను, ఆ సూర్యుడు చెవుల దాకా నవ్వుతున్నాడు. "అయ్యయ్యో" అంది ఆ పిల్ల, ఏ మాత్రం తడుముకోకుండా. "ఫోను కూడా కుండపోత అంటోంది."

బెగోన్యా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మా వృత్తిలో ఒక నియమం ఉంది. శబ్దం పట్టేవాడు శబ్దం చెయ్యకూడదు. నేను చెవులకున్న హెడ్‌ఫోన్లు మెడమీదికి దించుకుని, జన్మలో మొదటిసారి పనిలో ఉండగా నోరు విప్పాను.

"నేను ఇక్కడివాణ్ణి సెన్యోరా. ఇది వానే."

"మీ అందరికీ పిచ్చి పట్టిందా?" అని, ఆమె చివరికి దోన్ బల్దొమేరోను అడిగింది. "మీరేమంటారు?"

"నేనేమీ అనను. నాకు నిషేధం ఉంది."

కొండమీద చిన్న గుడి ఒకటుంది. దాని గోడవార అప్పటికే దోన్యా ఆరేలియా కూచుని, మెడరుమాలు అంచుతో మొహం తుడుచుకుంటోంది. "అబ్బ, ఏం తడిశానో" అంది, ఊపిరి చాలీచాలకుండా. బెగోన్యా ఆవిడను చూసింది. గొర్కాను చూసింది. ఎత్తీ ఎత్తనట్టున్న దోన్ బల్దొమేరో చేతిని చూసింది. చేతి గడియారం చూసుకుంది. తరవాత తన చొక్కా వెనక వేలాడుతున్న టోపీని నెమ్మదిగా నెత్తిమీదికి లాక్కుని, చేతి రేడియోలో సంత్యాగో వాళ్ళతో అంది:

"ఆలస్యమవుతుంది. ఇక్కడ భయంకరమైన వాన."

అవతలివాడు ఏదో అన్నాడు. అక్కడ ఎండ కాస్తోందని అయ్యుంటుంది.

"మీకు ఎండైతే నేనేం చెయ్యను?" అని ఆమె కట్ చేసింది. డాక్టరు కూడా కాసేపు అటూ ఇటూ చూసి, సంచీ నెత్తిన పెట్టుకుని మా పక్కన చేరాడు. అలా ఇంత మంది పెద్దవాళ్ళం, మండుటెండలో గోడకు కరుచుకుని, లేని వాన వెలిసేదాకా ఓపిగ్గా కూచున్నాం. దారిన పోయే జర్మనీ యాత్రికులు మమ్మల్ని చూసి శిలువ వేసుకున్నారు.

కూనిరాగం మళ్ళీ మొదలైంది. "వెలిసింది" అన్నాడు గొర్కా. లేచాం.

కొండ దిగి ఊళ్ళో అడుగు పెట్టామో లేదో, పడమట ఏదో కదిలింది. మరుక్షణంలో ఆకాశం అడుగు ఊడిపోయినట్టు పడింది. చినుకులు కావు, బిందెలు. కోట్లన్నీ చౌకులో సామాను బండిలో వెచ్చగా ఉన్నాయి. నెరేయా జుట్టు, గొర్కా గడ్డం, బెగోన్యా కాగితాలు అన్నీ ఒకే వాగులో కలిశాయి. కొండమీద ఆ వాన కోసం ఆగకపోయుంటే పొడిగా చేరేవాళ్ళమని ఆ దారి పొడుగునా ఒక్కరూ అనలేదు.

దోన్యా ఆరేలియా చౌకులోకి తన కాళ్ళమీద నడిచి వచ్చింది. వచ్చి, కెమెరా ముందు ఆగి, నీళ్ళోడుతున్న విసనకర్ర టప్పున విప్పి, "ఫాబియోలా తల్లీ, బాగున్నావా?" అని మాత్రం అంది. స్టూడియోలో ఫాబియోలా మొహం చూడలేకపోవడం నా వృత్తిలోని లోపాల్లో ఒకటి.

వ్యాఖ్యాత గొడుగు కింద నుంచి దోన్ బల్దొమేరో ముందు మైకు పెట్టి, ఈ వాన గురించి కూడా ముందే చెప్పారా అని నవ్వుతూ అడిగాడు.

"లేదు" అన్నాడు ఆయన, మీసం పిండుకుంటూ. "ఈ ఒక్కటే నేను చెప్పనిది."

దేశం మళ్ళీ పొట్ట పట్టుకుంది. గొన్సార్‌లో ఒక రైతమ్మ మాత్రం గడ్డి అంతా కొట్టంలో పొడిగా పెట్టుకుని, టీవీ చూస్తూ ఏమనుకుందో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే దోన్యా ఆరేలియా నన్ను పిలిచింది. గంటల తరబడి మైకు కర్ర పట్టుకునే చేతులు కనక వణకవని, ఒక బుట్ట మోయించింది. బుట్టలో కోడిగుడ్లు. సంత క్లారా మఠానికి వెళ్ళాం. అక్కడ సన్యాసినులు కనిపించరు. గోడలో తిరిగే చెక్కగూడు ఉంటుంది. అందులో పెట్టి తిప్పితే లోపలికి వెళుతుంది. గొంతు మాత్రం బయటికి వస్తుంది.

"పెళ్ళెప్పుడు తల్లీ?" అంది గొంతు.

"ఈ వయసులో పెళ్ళేమిటమ్మా? ఇవి జరిగిపోయినవాటికి. ఒక పెద్దమనిషి వారమంతా నాకోసం వానలు పిలిచాడు. ఒక్కటీ పడకుండా కాపాడినందుకు."

నేను బుట్ట వదిలేసినంత పని చేశాను. ఆవిడకు మొదట్నుంచీ తెలుసన్నమాట. గూడు లోపలికి తిరిగింది.  తరవాత ఆ గొంతు కొంచెం నవ్వింది.

"ఇప్పుడే ఇంకొకాయన గుడ్లిచ్చి వెళ్ళాడు. పడాల్సిన వాన కాస్త ఆగి పడ్డందుకట. యాస చూస్తే ముర్సియాలా ఉంది."

 బయటికొచ్చాక దోన్యా ఆరేలియా కూనిరాగం అందుకుంది. రాత్రంతా కురిసి వెలిసిన వీధి, రాళ్ళు మెరుస్తున్నాయి. మఠం నుంచి గుడి వైపు ఆ వీధి కాస్త మీదికెక్కుతుంది. పల్లెపిల్ల చెప్పులు విప్పే చోట రాగం తెగింది.

ముందున్న వసారా స్తంభం చాటు నుంచి ఒక చెయ్యి పైకి లేచింది.

"ఆగండి. వాన."

దోన్యా ఆరేలియా నడుంమీద చేతులు వేసుకుని నిలబడింది. "ఏదయ్యా?"

"దారిలో ఉంది సెన్యోరా."

ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. దోన్ బల్దొమేరో వసారా మెట్టుమీద చేతిరుమాలు పరిచి పక్కకు జరిగాడు. ఆవిడ కూచుని విసనకర్ర విప్పింది. నేనూ కాలర్ పైకి లాక్కుని, తడవకుండా లోపలికి జరిగాను.